మంగళం దాకా కూర్చున్నదెవరు?

"కచేరీ ఎలా జరిగింది?" అని అడగండి, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. "బాగానే ఉందమ్మా, నేను సగంలో వచ్చేశా." మా అమ్మమ్మ అదే అనేది, మా అత్తమ్మ అదే అనేది, నా ఈడు వాళ్ళూ అదే అంటున్నారు. పాడినవాళ్ళ గురించి పుస్తకాల నిండా ఉంది. విన్నవాళ్ళ గురించి తక్కువ. సగంలో లేచి వచ్చినవాళ్ళ గురించి ఇంకా తక్కువ. వాళ్ళ వైపు నుంచి ఈ చరిత్రంతా ఒకసారి చూద్దామనిపించింది.

మా కావలి లాంటి ఊళ్ళకి మొదటి సంగీత సభ గుడి ముందు పందిరే. శ్రీరామనవమి వచ్చిందంటే తాటాకు పందిరి, కింద చాపలు, పానకం, వడపప్పు, రాత్రయితే హరికథ. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, పక్కన ఫిడేలు, మృదంగం. ఒక్క మనిషే పాడాలి, ఆడాలి, కథ చెప్పాలి, నవ్వించాలి. ఈ కళను శిఖరానికి చేర్చిన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864-1945) విజయనగరం వారు. మన నెల్లూరులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి నాన్నగారు సాంబమూర్తి గారు కూడా హరికథలు చెప్పినవారే.

దేవుడి కథ కాబట్టి ఆడవాళ్ళు వెళ్తామంటే ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు కాదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఇంకో పక్క కూర్చునేవాళ్ళు. పిల్లాడు ఏడిస్తే లేచి వెళ్ళి, నిద్రపుచ్చి, మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. కథ అందరికీ తెలిసిందే, పైగా దాసుగారు మధ్యలో పిట్టకథలు చెబుతుంటారు, ఎక్కడ వదిలినా మళ్ళీ అందుకోవచ్చు. ఇంటి పనితో సర్దుకుపోయిన సభ ఏదైనా ఉందంటే నా లెక్కలో అదే.

తర్వాత టిక్కెట్టు వచ్చింది. టిక్కెట్టుతో పాటు నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు వచ్చాయి. మద్రాసు నుంచి బెజవాడకు రైలు మార్గం 1899లో పూర్తయింది, కావలి ఆ దారిలోనే ఉంది. నెల్లూరు 50 కిలోమీటర్లు. అక్కడ రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి పేరు మీద పురమందిరం ఉంది, మనం టౌన్ హాలు అంటాం. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. అలాంటి హాళ్ళలో పాడేవాడికి వినేవాడి ముఖం కనిపిస్తుంది, వినేవాడి గొంతు పాడేవాడికి వినిపిస్తుంది.

ఆ గొంతు ఎంత గట్టిదంటే, పద్య నాటకాన్ని నడిపించింది సగం అదే. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్ర జనానికి పద్యం పద్యం తెలుసు. రాగం తీయగానే ఈలలు, "వన్స్ మోర్" కేకలు. చనిపోయిన పాత్ర లేచి, మళ్ళీ పద్యం పాడి, మళ్ళీ చనిపోయిందని నవ్వుతూ చెప్పుకునే కథలు మీరూ వినే ఉంటారు. ఈలపాట రఘురామయ్య గారి లాంటి వాళ్ళకు ఆ జనమే ప్రాణం. కాంట్రాక్టు నాటకాలైతే ఒక్కో రంగానికి ఒక్కో కృష్ణుడు దిగేవాడు. ఎవరికి ఎక్కువ వన్స్ మోర్లు పడ్డాయో మర్నాడు టీ కొట్ల దగ్గర లెక్కలు తేలేవి.

ఆ కేకల్లో మన గొంతు లేదు. నాటకం మొదలయ్యేది రాత్రి వంటిల్లు సర్దుకున్నాకే, అంతవరకు బాగానే ఉంది. అయిపోయేది మాత్రం తెల్లవారుజామున, వాకిట్లో కళ్ళాపి చల్లే వేళకి. మా అమ్మమ్మకు రాయబారం సీనులో పద్యాలన్నీ నోటికి వచ్చు, యుద్ధం మాత్రం ఒక్కసారీ చూడలేదు. కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణికి అయితే అసలు రానివ్వలేదట.

వేదిక మీద సంగతీ అంతే. ఆడ వేషాలు చాలాచోట్ల మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారు ఆ వేషాలతోనే పేరు తెచ్చుకున్నారు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వాళ్ళు మాత్రం కుటుంబం కుటుంబమే నాటక సమాజం కాబట్టి తమ ఆడవాళ్ళనే వేదిక ఎక్కించారు.

తిరువయ్యారులో అయితే త్యాగరాజస్వామి పాడింది తెలుగులో, ఆయన ఆరాధనలో పాడటానికి ఆడవాళ్ళకు చోటు లేదు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు తన సొమ్ము పెట్టి స్వామి సమాధి మీద గుడి కట్టించారు, 1926లో కుంభాభిషేకం జరిగింది. గుడి కట్టించిన మనిషికీ పాడే హక్కు రాలేదు. ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్ళతో వేరేగా ఉత్సవం నడిపారు. 1940ల మొదటికి గానీ అందరూ ఒక్కటి కాలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు మొదటిసారి ఒక స్త్రీకి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి, దక్కింది 1968లో.

ఈ మధ్యలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి మైకు. అది లేని రోజుల్లో గొంతు వెనక వరసకు అందాలంటే పై శ్రుతిలో పాడాలి. మైకు వచ్చాక మెల్లగా పాడినా అందరికీ వినిపించింది. ఎప్పుడూ పక్కనో వెనకనో కూర్చునే మనకి అది చిన్న సంగతి కాదు. రెండోది అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890-1967) స్థిరపరచిన కచేరీ పద్ధతి. ముందు వర్ణం, తర్వాత కృతులు, మధ్యలో పెద్ద కీర్తన, తని ఆవర్తనం, చివర్లో పదాలు, జావళీలు, తిల్లానా, భజనలు, మంగళం. గంటల తరబడి సాగే కచేరీ దాదాపు మూడు గంటలకు వచ్చింది.

ఇక్కడే నాకు ఒక సంగతి గుచ్చుకుంటుంది. మనం ఇంట్లో పాడుకునేవి, పిల్లలకు నేర్పేవి, పేరంటాల్లో పాడమంటే పాడేవి ఎక్కువగా ఆ చివరి చిన్న పాటలే. మనం లేచి వచ్చేది సరిగ్గా వాటికి ముందు! మృదంగం వాయిస్తుండగా చెప్పులు వెతుక్కుంటాం, పిల్లలకు అన్నం వేళయిందని, ఆఖరి బస్సు పోతుందని. మనకోసమే ఉన్న పాటలు వచ్చేసరికి మన కుర్చీలు ఖాళీ.

ఈ లోటు తీర్చింది రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. మా కావలి ఆ రెండూళ్ళకీ ఇంచుమించు నడిమధ్యన ఉంది. పొద్దున భక్తిరంజని, 1952 నుంచి శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం. మా అత్తమ్మ మంగళం దాకా విన్న మొదటి కచేరీ వంటింటి గట్టు మీద రేడియోలోనే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. చప్పట్లు వినిపించేవిగానీ కొట్టడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు, అనేది.

ఆ తర్వాత నంబరు కుర్చీల హాళ్ళు వచ్చాయి. టాగూర్ శతజయంతికి హైదరాబాదులో కట్టిన రవీంద్రభారతి 1961లో తెరుచుకుంది. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని వినడం మామూలైంది. ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు అనే గీత పోయింది. ఇంకో గీత మిగిలింది. చంటిబిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు?

ఇవాళ మా ఊళ్ళో కచేరీ అంటే కళ్యాణ మండపమో, గుడి ఆవరణో. ఆరింటికి అని వేస్తారు, పెద్దవాళ్ళ సన్మానాలు అయ్యేసరికి ఏడున్నర. ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతుందో చూడండి, ఇంటికెళ్ళి వడ్డించాల్సిన మనిషి ఖాతాలోనే. సన్మానాలు చివర్లో పెట్టుకుంటే, లేదా చెప్పిన వేళకు మొదలుపెడితే, సగం హాలు మంగళం దాకా ఉంటుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇంట్లోనూ అంతే. ఆ ఒక్క పూట పెరుగన్నం, ఊరగాయ చాలనుకుని, బిడ్డను తండ్రి ఎత్తుకుని బయట తిప్పితే ఆకాశం విరిగి మీద పడదు.

టిక్కెట్టు కొనే హక్కు వచ్చింది, పాడే హక్కు వచ్చింది, పక్కన కూర్చునే హక్కు వచ్చింది. చివరిదాకా కూర్చునే తీరిక ఇంకా రావాలి. మీ అమ్మమ్మలు, అత్తలు ఎవరైనా ఏ కచేరీ అయినా మంగళం దాకా విన్నారేమో ఒకసారి అడిగి చూడండి. వాళ్ళు ఏం చెప్పారో నాకూ చెప్పండి.