హఫీజ్‌పేట్‌లో చౌక బస: గది అద్దెతోనే లెక్క తేలదు

హఫీజ్‌పేట్: ఉద్యోగ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన యువకుడు, కంప్యూటర్ ఆధారిత పరీక్షకు హాల్‌టికెట్ అందుకున్న విద్యార్థిని, గచ్చిబౌలి ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు తేదీ ఖరారైన రోగి కుటుంబం... జిల్లాల నుంచి సైబరాబాద్‌కు పనిమీద వచ్చే వీరందరికీ ఎదురయ్యే తొలి ప్రశ్న ఒకటే. రెండు మూడు రాత్రులు తక్కువ ఖర్చుతో ఎక్కడ బస చేయాలి? మాదాపూర్, గచ్చిబౌలి హోటళ్ల ధరలు చూసి వెనుకడుగు వేసే మధ్యతరగతి వారు చాలామంది ఆ పక్కనే ఉన్న హఫీజ్‌పేట్, మియాపూర్, మదీనాగూడ వైపు చూస్తున్నారు. ఈ ఎంపిక సబబైనదే. అయితే వెళ్లవలసిన చోటును బట్టి ఇది లాభమో నష్టమో తేలుతుంది. గది ఖాయం చేసుకోకముందే ఆ లెక్క వేసుకోవాలి.

శేరిలింగంపల్లి మండలంలోని ఒకనాటి పల్లె హఫీజ్‌పేట్. శేరిలింగంపల్లి పురపాలక సంఘం 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. అంతకుముందే, 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో ఈ ప్రాంత స్వరూపం మారడం మొదలైంది. ఇప్పుడు ముంబయి జాతీయ రహదారిపై ఆల్విన్ కూడలి నుంచి రైలు పట్టాల మీది వంతెన దాటి కొండాపూర్, కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి వరకు సాగే దారి అంతటా అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, చిన్న హోటళ్లే కనిపిస్తాయి. ఇక్కడి సాధారణ గదుల అద్దె రోజు, గిరాకీలను బట్టి సుమారుగా రూ. వెయ్యి నుంచి రెండు వేల మధ్య ఉంటుంది. హైటెక్స్ ప్రదర్శనశాలలోనో, పక్కనే ఉన్న హెచ్‌ఐసీసీలోనో పెద్ద సదస్సు జరిగే రోజుల్లో ఆ ప్రభావం ఇక్కడిదాకా పాకుతుంది. తేదీలు మార్చుకునే వీలున్నవారు ముందుగా ఆ రెండు వేదికల కార్యక్రమాలను చూసుకోవడం మేలు.

రెండు హైటెక్ సిటీలు

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 'హైటెక్ సిటీ' పేరుతో నగరంలో రెండు స్టేషన్లు ఉన్నాయి. ఒకటి ఎంఎంటీఎస్ రైలు స్టేషన్, రెండోది మెట్రో స్టేషన్. ఇవి పక్కపక్కన లేవు. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే వచ్చే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ దిగి సైబర్ టవర్స్ చేరుకోవాలంటే మళ్లీ ఆటోగానీ బస్సుగానీ ఎక్కవలసిందే. మెట్రో స్టేషన్ మాత్రం సైబర్ టవర్స్‌కు చేరువలోనే ఉంది. హోటల్ ప్రకటనలో 'హైటెక్ సిటీ స్టేషన్‌కు అయిదు నిమిషాలు' అని ఉంటే అది ఏ స్టేషనో అడిగి తెలుసుకోవాలి.

మెట్రో విషయంలోనూ ఇటువంటి భ్రమే ఉంది. హఫీజ్‌పేట్‌కు సమీపంలోని మెట్రో స్టేషన్ మియాపూర్. 2017 నవంబరులో మొదలైన ఎర్ర మార్గానికి ఇది ఒక చివర. ఇక్కడి నుంచి హైటెక్ సిటీకి నేరుగా మెట్రో లేదు. అమీర్‌పేట దాకా నగరంలోకి వెళ్లి, నీలి మార్గంలోకి మారి, మళ్లీ పడమటికి తిరిగి రావాలి. హైటెక్ సిటీ వరకు నీలి మార్గం 2019 మార్చిలో, రాయదుర్గం వరకు అదే ఏడాది నవంబరులో అందుబాటులోకి వచ్చింది. పటంలో చూస్తే మియాపూర్, హైటెక్ సిటీ ఇరుగుపొరుగు ఊళ్లలా కనిపిస్తాయి. మెట్రోలో మాత్రం అది ముక్కును తల చుట్టూ తిప్పి పట్టుకున్నట్లే. అమీర్‌పేట, నాంపల్లి, ఎల్బీనగర్ వైపు పని ఉన్నవారికి మియాపూర్ మెట్రో వరప్రసాదం. మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్లేవారికి కొత్తగూడ దారిలో నడిచే సిటీ బస్సు, లేదా ఎంఎంటీఎస్ నయం.

2003 ఆగస్టులో ప్రారంభమైన ఎంఎంటీఎస్‌లో కనీస చార్జీ నేటికీ రూ. 5 మాత్రమే. అంత చౌక ప్రయాణం నగరంలో మరొకటి లేదు. అయితే రైలుకు రైలుకు మధ్య ఎడం ఎక్కువ. పైగా అప్పుడప్పుడు సర్వీసులు రద్దు చేస్తుంటారు. ఆసుపత్రికి వెళ్లి రావడానికి దీనిని నమ్ముకోవచ్చు. పరీక్ష రోజున మాత్రం ఈ ఒక్క రైలుపైనే ఆధారపడటం తగదు. ఉదయం వేళ కొండాపూర్, కొత్తగూడ కూడళ్లలో వాహనాలు నిలిచిపోవడం మామూలే. కొత్తగూడ పైవంతెన 2023 జనవరిలో అందుబాటులోకి వచ్చాక కొంత ఊరట లభించినా, కార్యాలయ వేళల్లో ప్రయాణానికి రెట్టింపు సమయం కేటాయించుకోవలసిందే. పరీక్షకు ముందురోజు సాయంత్రమే ఒకసారి కేంద్రం దాకా వెళ్లి వచ్చిన విద్యార్థికి మర్నాడు గేటు మూస్తారన్న బెంగ ఉండదు.

అద్దెలో మిగిలింది ఆటోకు పోకుండా

ఒక లెక్క చూద్దాం. ఆసుపత్రి పక్కన గది రోజుకు రూ. 1,800, హఫీజ్‌పేట్‌లో రూ. 1,200 అనుకుంటే పైకి రూ. 600 ఆదా. ఆటోకు ఒక్కసారికి రూ. 200 చొప్పున రోజుకు ఒకసారి వెళ్లి వస్తే రూ. 400 ఖర్చు, చేతిలో మిగిలేది రూ. 200. రోగికి ఉదయం, సాయంత్రం రెండుమార్లు భోజనం తీసుకువెళ్లవలసి వస్తే ఆటో ఖర్చు రూ. 800 అవుతుంది. అంటే చౌక గదే రోజుకు రూ. 200 ఎక్కువ పడుతుంది. అదే మనిషి బస్సులోనో ఎంఎంటీఎస్‌లోనో తిరిగితే ఆదాలో చాలావరకు నిలుస్తుంది. కాబట్టి రోజుకు ఎన్నిసార్లు తిరగాలో ముందు తేల్చుకుని, ఆ తరువాతే గదుల ధరలు పోల్చాలి.

ఆసుపత్రి ఎటువైపు ఉందన్నదీ ముఖ్యమే. కొండాపూర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి, కిమ్స్ హఫీజ్‌పేట్ దారికి అందుబాటులోనే ఉన్నాయి. గచ్చిబౌలిలోని ఏఐజీకి వెళ్లాలంటే కొత్తగూడ కూడలి దాటాలి. నల్లగండ్లలోని సిటిజన్స్ ఆసుపత్రికి వచ్చేవారికి మాత్రం హఫీజ్‌పేట్ కంటే లింగంపల్లిలో గది చూసుకోవడమే సులువు. శస్త్రచికిత్స అయిన రోగిని వెంటనే ఊరికి తీసుకువెళ్లే వీలు లేక నాలుగు రోజులు గదిలో ఉంచవలసి వస్తే లిఫ్టు, పాశ్చాత్య తరహా మరుగుదొడ్డి, వేడినీరు ఉన్నాయో లేదో తప్పక అడగాలి. వేసవిలో ఈ ప్రాంతంలోని అనేక భవనాలు ట్యాంకర్ల మీదనే ఆధారపడతాయి. నీళ్లు రోజంతా వస్తాయా అని అడగడం అతిగా ఏమీ కాదు.

రాక వేళ, పోక వేళ

తిరుపతి నుంచి నారాయణాద్రి, విశాఖ నుంచి జన్మభూమి, కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లు లింగంపల్లి వరకు నడుస్తున్నాయి. అక్కడ నుంచి హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్‌లో రెండో స్టేషన్. ఈ రైళ్లలో వచ్చేవారు సికింద్రాబాద్‌లో దిగి నగరమంతా దాటి రావలసిన పనిలేదు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్ల దారులు, ఆగే చోట్లు మారాయి. చర్లపల్లి నగరానికి తూర్పు అంచున, హఫీజ్‌పేట్ పడమటి అంచున ఉన్నాయి. టికెట్టుపై దిగవలసిన స్టేషన్ పేరు మరోసారి చదువుకోవాలి. కోస్తా, రాయలసీమల నుంచి వచ్చే బస్సులు అనేకం మియాపూర్, బీహెచ్ఈఎల్ వరకు వస్తాయి. విమానాశ్రయానికి మియాపూర్ వైపు నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి.

రాత్రి బస్సు, రైలు ఎక్కినవారు తెల్లవారుజామున అయిదారు గంటలకే చేరుకుంటారు. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం 12 తరువాత. ముందుగా వస్తే అదనపు రుసుమో, ఏకంగా ఒక రోజు అద్దెనో అడుగుతారు. కొన్నిచోట్ల మాత్రం వచ్చిన గంట నుంచి 24 గంటలు లెక్కిస్తారు. ఈ రెండు పద్ధతులలో ఏది అమలులో ఉందో ఫోనులో అడిగిన తరువాతే డబ్బు కట్టాలి. తెల్లవారుజామున దిగేవారికి 24 గంటల పద్ధతి ఉన్న గది అద్దె కాస్త ఎక్కువైనా చివరకు చౌకే.

నగర ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం ఉంది. ఇది తెలంగాణవాసులకే వర్తిస్తుంది, నివాస ధ్రువీకరణ చూపాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చేవారు టికెట్ తీసుకోవలసిందే.

యాప్ ధర, కౌంటర్ ధర

ఫోనులో కనిపించిన ధరే ఆఖరి మాట అనుకోరాదు. బుకింగ్ సంస్థలు తమ దగ్గరి ధర కంటే తక్కువకు గది అమ్మరాదని హోటళ్లను కట్టడి చేస్తున్నాయన్న ఫిర్యాదులపై విచారణ జరిపిన భారత పోటీ కమిషన్, 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబోకు రూ. 223.48 కోట్లు, ఓయోకు రూ. 168.88 కోట్లు జరిమానా విధించింది. సామాన్య ప్రయాణికుడు దీని నుంచి గ్రహించవలసింది చిన్న విషయమే. యాప్‌లో ధర చూశాక హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి, మూడు రోజులకు ఎంతకు ఇస్తారని అడగాలి. ఎక్కువ రోజులు ఉండేవారికి, రోగుల బంధువులకు తగ్గించే యాజమాన్యాలు ఉన్నాయి.

ఆ ఫోన్ నంబరు ఎక్కడ దొరికిందన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. అంతర్జాలంలో హోటళ్ల పేరిట నకిలీ నంబర్లు పెట్టి, ముందస్తు సొమ్ము క్యూఆర్ కోడ్‌తో వసూలు చేసి మాయమయ్యే మోసాలు జరుగుతున్నాయి. 'గది చేరాక చెల్లింపు' సౌకర్యం ఉంటే అదే ఎంచుకోవాలి. రద్దు చేసుకుంటే సొమ్ము వాపసు వస్తుందో లేదో చదవకుండా ముందే కట్టరాదు. శస్త్రచికిత్స తేదీలు, ఇంటర్వ్యూ తేదీలు మారుతూనే ఉంటాయి.

పన్ను సంగతి. రోజుకు రూ. 7,500 వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే రూ. 1,000 గదిపై రూ. 50. పాత రేటుతో బిల్లు వేస్తే ప్రశ్నించవచ్చు. పన్ను వసూలు చేసే హోటల్ బిల్లుపై జీఎస్టీ నంబరు ఉండాలి. 'సేవా రుసుము' పేరుతో అదనంగా కలపడం వేరు విషయం. దానిని బిల్లులో తప్పనిసరిగా చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది.

గుర్తింపు కార్డుతో చిక్కులు

గదిలో ఉండబోయే పెద్దలందరి గుర్తింపు కార్డులు అడుగుతారు. ఆధార్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే 'మాస్క్‌డ్' ప్రతి ఇవ్వడం మంచిది. కొందరు దానిని ఒప్పుకోరు కాబట్టి ఓటరు కార్డుగానీ డ్రైవింగ్ లైసెన్సుగానీ వెంట ఉంచుకోవాలి. పాన్ కార్డుపై చిరునామా ఉండదు, అది ఒక్కటే చాలదు. అసలు కార్డును కౌంటర్‌లో వదలరాదు.

తెలియక చిక్కుల్లో పడేది మరొకచోట. 'స్థానిక చిరునామా' ఉన్నవారికి గది ఇవ్వబోమని నియమం పెట్టుకున్న హోటళ్లు ఉన్నాయి. తల్లిదండ్రులు ఊరి నుంచి వస్తారు, వారికోసం గది తీసుకునే కుమారుడి ఆధార్ మాత్రం కూకట్‌పల్లి చిరునామాకు మారి ఉంటుంది. అర్ధరాత్రి పెట్టెలతో నిలబడి ఈ సంగతి తెలుసుకోవడం కన్నా ముందే అడిగి, ఊరి చిరునామా ఉన్న తల్లి లేదా తండ్రి పేరిట గది తీసుకోవడం క్షేమం.

మెట్లు చూశాకే డబ్బు

చౌక గదుల విషయంలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. కింద దుకాణాలు, సెల్లారులో గిడ్డంగి లేదా వాహనాల చార్జింగ్, పై అంతస్తులలో గదులు, అన్నిటికీ కలిపి ఒకటే ఇరుకు మెట్లదారి. నగరమంతటా ఇటువంటి భవనాలు ఉన్నాయి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లోని రూబీ హోటల్ భవనంలో జరిగింది అందుకు సాక్ష్యం. కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూంలో అగ్గి పుట్టింది. పొగ మెట్లదారిన పైకెక్కి గదులను కమ్మేసింది. ఎనిమిది మంది మరణించారు. వారిలో పనిమీద పొరుగూళ్ల నుంచి వచ్చి ఒక రాత్రికి బస చేసినవారూ ఉన్నారు.

అందుచేత గది ఇష్టపడేముందు నాలుగు అడుగులు వేసి రెండో మెట్లదారి ఉందో లేదో, దానికి తాళం వేశారో లేదో చూడాలి. కిటికీ తెరుచుకుంటుందా, లేక అద్దాల పలకతో మూసేశారా అన్నది చూడాలి. కింద చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు వరుసగా కనిపిస్తే ఇంకో హోటల్ వెతుక్కోవడమే మంచిది. వయోవృద్ధులు ఉంటే ఒకటో అంతస్తుకు పైన తీసుకోరాదు. ఏసీ, టీవీ గురించి పది ప్రశ్నలు వేసేవారు దీనికి రెండు నిమిషాలు కేటాయించలేరా?

భోజనానికి ఇక్కడ పెద్దగా ఇబ్బంది లేదు. ఐటీ ఉద్యోగులు, హాస్టల్ యువత వల్ల వీధికొక టిఫిన్ సెంటరు, కర్రీ పాయింట్ వెలిశాయి. ఇద్దరు ముగ్గురు ఉన్న కుటుంబం అన్నం, రెండు కూరలు, సాంబారు పొట్లాలు కట్టించుకుంటే హోటల్ భోజనంలో సగం ఖర్చు కూడా కాదు. గదిలో వంట చేసుకోవచ్చని కొందరు విద్యుత్ పొయ్యి తెచ్చుకుంటారు. చాలా హోటళ్లు దానిని అనుమతించవు, అనుమతించకపోవడమే సబబు.

వారం దాటితే హోటల్ లెక్క పనికిరాదు. ఒంటరిగా వచ్చిన ఉద్యోగార్థి అప్పుడు పేయింగ్ గెస్ట్ హాస్టల్ వైపు వెళ్లడమే మేలు. చాలాచోట్ల భోజనంతో కలిపి నెలవారీగా ఇస్తారు, కొన్నిచోట్ల రోజువారీగానూ ఉంచుకుంటారు. అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారో కాగితంపై రాయించుకోవాలి. అక్కడి గోడలపై 'గ్యారంటీ ఉద్యోగం' ప్రకటనలు కనిపిస్తాయి. డబ్బు కడితే ఐటీ సంస్థలో దొడ్డిదారి కొలువు ఇప్పిస్తామని చెప్పి బోర్డు తిప్పేసిన ఉదంతాలు మాదాపూర్, కొండాపూర్ పోలీసులకు కొత్త కాదు.

అవసరమైన నంబర్లు: అత్యవసర సహాయం 112, అగ్నిమాపక కేంద్రం 101, మహిళా హెల్ప్‌లైన్ 181, ఆన్‌లైన్ బుకింగ్ మోసం జరిగితే 1930, బిల్లు వివాదాలపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్‌లో సొమ్ము పోయినప్పుడు 1930కు ఎంత త్వరగా చెబితే ఆ మొత్తాన్ని బ్యాంకులో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.