తూటా కందెన: 1857లో ఒక ధర్మప్రశ్న

అనంతపురం పీఠభూమి వానకు ముఖం వాచిన నేల. ఆ మెట్టచేలలోనూ పండగల పైరు ఆముదం. ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెనను అక్కడి రైతు ఆముదంలో గడ్డిమసి కలిపి చేసుకునేవాడు. అందులో ఏమున్నదో అతనికి తెలుసు గనుక అది ఏనాడూ ధర్మసంకటం కాలేదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ కంపెనీయే తన తుపాకీ తూటాలకు ఏ కందెన పూయాలన్న చిన్న విషయంలో ఘోరంగా తప్పటడుగు వేసింది.

ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపల మెలిక తిరిగిన గాళ్లు ఉంటాయి. తుపాకిమందు కాలినప్పుడు మిగిలే మసి వాటిలో పేరుకుంటే తర్వాతి గుండు దిగదు. అందుకే గుండువైపు కాగితానికి కొవ్వు పూసేవారు. సిపాయి తూటా మందువైపు కొనను పళ్లతో కొరికి, మందును గొట్టంలో పోసి, కొవ్వు పూసిన కాగితంతో సహా గుండును దిగగొట్టాలి. ఉత్త కొవ్వు మన ఎండలకు కరిగిపోతుంది; కాబట్టి అందులో మైనం కలపడం అవసరమైంది. ఇంతవరకు ఇది పనివాని సమస్య. ఆ కొవ్వు ఏ జంతువుది అన్నదే అసలు ప్రశ్న.

1853లో ఈ తూటాలు పరీక్ష కోసం భారతదేశానికి వచ్చినప్పుడే కర్నల్ టక్కర్ అనే అధికారి హెచ్చరించాడు: కందెనలో అభ్యంతరకరమైనది లేదని తేలేవరకు దానిని దేశీయ సిపాయిలకు ఇవ్వరాదని. ఆ మాట పెడచెవిన పడింది. కలకత్తా ఆయుధాగారానికి కొవ్వు సరఫరా చేసిన గుత్తేదారుకు ఫలానా జంతువు కొవ్వే తేవాలన్న షరతు పెట్టలేదు.

హిందువుకు ఆవు పవిత్రం. ముస్లింకు పంది నిషిద్ధమని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. అయితే ముస్లిం సిపాయి అభ్యంతరం పందితోనే ముగియదు. ఆవు ధర్మసమ్మతమైనదే అయినా, జబహ్ చేయని పశువు మైతా, అనగా చచ్చినదానితో సమానం. చచ్చిన పశువు కొవ్వును పడవలకు, తోళ్లకు పూయడానికీ, దీపాలకూ వాడుతున్నామని కొందరు విన్నవించగా, దైవప్రవక్త (స) అది హరామ్ అన్నారని హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఆ నిషేధం అమ్మకానికా, వాడకానికి కూడానా అన్న విషయంలో ధర్మవేత్తలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. కాని నోటి దగ్గరకు తెచ్చే వస్తువు విషయంలో సిపాయి శంకించడం మూఢత్వం కాదు. అతని ధర్మం నేర్పిన జాగ్రత్త.

1857 జనవరిలో దమ్‌దమ్‌లో వదంతి పుట్టింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వం దిగివచ్చి, సిపాయిలు తామే నూనె, తేనెమైనం కలిపి పూసుకోవచ్చని అనుమతించింది. సరైన కందెన అదే. కాని అప్పటికే ఆలస్యమైంది. అనుమానం కొవ్వును విడిచి నిగనిగలాడే కాగితం మీదికి మళ్లింది. కొరకడానికి బదులు చేత్తో చింపవచ్చని కవాతు పద్ధతిని మార్చినా నమ్మకం తిరిగి రాలేదు. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది సవార్లు నిరాకరించింది కొవ్వు పూయని పాత తూటాలనే! వారిలో హిందువులూ, ముస్లిములూ ఉన్నారు. మే 9న వారికి సంకెళ్లు పడ్డాయి. రంజాన్ మాసంలో, మే 10న, తిరుగుబాటు లేచింది.

దానికి రాజ్యాల స్వాధీనం, జీతభత్యాల అసంతృప్తి వంటి కారణాలు ముందే పేరుకొని ఉన్నాయి. జూలై 17న, శుక్రవారం నాడు, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించింది తూటాల కోసం కాదు. నిర్బంధంలో ఉన్న జమేదార్ చీదా ఖాన్‌ను, అతని సహచరులను విడిపించాలన్నది వారి ముఖ్య డిమాండ్లలో ఒకటి. తూటా నిప్పురవ్వ మాత్రమే.

ఈ పాఠం కంపెనీకి కొత్త కాదు. మద్రాసు సైన్యంలోనే, తోలు బిళ్ల ఉన్న కొత్త తలపాగా, గడ్డం గొరగాలన్న ఆజ్ఞ 1806 జూలై 10న వేలూరులో నెత్తురు పారించాయి. యాభై ఏళ్లలో ఆ సంగతి మరుగున పడింది. బండి ఇరుసుకు ఏమి పూస్తున్నాడో రైతుకు తెలుసు. తన సిపాయి నోటికి ఏమి అందిస్తున్నదో కంపెనీ విచారించలేదు. అతనిని అడగనూ లేదు. అడిగి ఉంటే, జవాబు తేనెమైనమూ నూనే.