భౌతికశాస్త్ర పట్టాకు గుర్తింపు – మన కర్నూలు, కడప జిల్లాల చరిత్ర

మన మిషనులు ప్రార్థనామందిరము కట్టిన చోటనే బడియు పెట్టినవి. నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు, కర్నూలులో బాప్టిస్టు సహోదరుల కోల్సు మెమోరియల్ హైస్కూలు అట్లు వెలసినవే. హైస్కూలు దాటిన పిల్లలు ఎక్కడికి వెళ్లిరి, వారు తెచ్చుకొనిన పట్టా ఎవరి మాటమీద చెల్లెను అను సంగతి మాత్రము మన సంచికలలో అంతగా కనబడదు. భౌతికశాస్త్రమును ఉదాహరణగా తీసికొని దానిని కొంత వ్రాయుచున్నాము.

1857లో ఏర్పడిన మదరాసు విశ్వవిద్యాలయము మొదట పాఠము చెప్పునది కాదు, పరీక్ష పెట్టునది. కళాశాలలను అనుబంధముగా చేర్చుకొని, వాటి విద్యార్థులను పరీక్షించి పట్టా ఇచ్చుచుండెను. భౌతికశాస్త్రము చదివినవారికిని బి.ఏ. పట్టాయే వచ్చుచుండెను. సి.వి. రామన్ 1904లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి పొందినది అదే. మన జిల్లాలవారికి కొంత దగ్గరగా 1915లో మదనపల్లెలోను, 1916లో అనంతపురములోను కళాశాలలు వచ్చినవి.

చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911 వరకు మదనపల్లె కడప జిల్లాలోనిదే. అనిబిసెంటమ్మగారి దివ్యజ్ఞాన సమాజమువారి ఆ కళాశాల, హోమ్‌రూలు ఉద్యమము పక్షమున నిలిచినందున, మదరాసు విశ్వవిద్యాలయపు అనుబంధమును పోగొట్టుకొని అడయారు నేషనల్ యూనివర్సిటీలో చేరెను. దానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరుగారు. ఆయన 1919లో మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి తర్జుమా చేసిన సంగతి అందరును చెప్పుకొందురు. అక్కడ చదువుచుండిన పిల్లల సంగతి ఎవరును చెప్పరు. త్రాసు అదే, కటకములు అవే, పట్టా మాత్రము సర్కారు కొలువులో చెల్లునో లేదో అను భయము. గుర్తింపు పోవునప్పుడు ప్రయోగశాలను అడిగి పోదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు మన దత్తమండలములును అందులో చేరి, కొద్దికాలమునకే మరల మదరాసు క్రిందికి పోయినవి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము కావలెనని అడిగినది ఈ బాధ తెలిసియే. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్‌గారు కర్నూలులో స్థాపించిన ఉస్మానియా కళాశాల (హైదరాబాదుది వేరు) ముందు మదరాసుకు, తరువాత 1954లో వెలసిన తిరుపతి శ్రీ వేంకటేశ్వరకు, ఆపైన అనంతపురము శ్రీకృష్ణదేవరాయకు, చివరకు 2008లో కర్నూలులోనే ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయమునకు అనుబంధమాయెను. ఒకే కళాశాల, నాలుగు ముద్రలు. కడపవారికి 2006లో యోగివేమన విశ్వవిద్యాలయము వచ్చెను.

పాదిరులమైన మాకు ఇది వింత కాదు. హైదరాబాదు ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల (1964) పాఠము చెప్పును, పట్టా ఇచ్చునది సేరంపూరు సెనేటు. ఆ అధికారము 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన చార్టరునుండి వచ్చినది. డెన్మార్కు రాజు మాట మన పల్లె పాదిరికి పట్టాయైనది!

1994లో బెంగుళూరున ఏర్పడిన న్యాక్ వేరొక విధమైనది. అనుబంధము పట్టాకు విలువ నిచ్చును. న్యాక్ కళాశాలను చూచి శ్రేణి నిచ్చును. ఆ శ్రేణి కళాశాల అంతటికిని గాని, భౌతికశాస్త్ర శాఖకు ప్రత్యేకముగా కాదు. బ్రిటనులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ అను సంస్థ భౌతికశాస్త్ర డిగ్రీలను ఒక్కొక్కటిగా పరిశీలించి గుర్తించును. మన దేశములో ఇంజనీరింగు కోర్సులకు ఎన్.బి.ఏ. ఉన్నది గాని, బి.ఎస్సీ. భౌతికశాస్త్రమునకు అట్టిది లేదు. ఇది పెద్ద కొరతయని మా అభిప్రాయము. ఖగోళశాస్త్రము కోరిన పిల్లవాడు పూర్వమునుండి తుంగభద్ర దాటి హైదరాబాదు వైపే చూడవలసి వచ్చెను. 1901లో మొదలైన నిజామియా వేధశాల 1919లో అక్కడి ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చెను. మబ్బులేని రాత్రులు మాత్రము మనకే ఎక్కువ!

ఇంటిలో మొదటిసారి డిగ్రీ చదువబోవు పిల్లలు మన సంఘములలో ఇంకను అనేకులున్నారు. చేర్చునప్పుడు ఏ విశ్వవిద్యాలయపు అనుబంధమో, న్యాక్ శ్రేణి ఏ సంవత్సరముదో అడుగుడి. తరువాత భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని చీకటిగది చూపుమని అడుగుడి. అక్కడ సోడియం దీపము వెలుగుచున్నదా, స్పెక్ట్రోమీటరు ఎందరు పిల్లలకు ఒకటి, అది ఏ అధికారియైనను వచ్చిన దినముననే బయటికి వచ్చునా అని పిల్లలనే అడిగిన చెప్పుదురు.