అర్ధరాత్రి షో, సాయంత్రపు షూటింగ్

అమెరికాలో ఎన్‌బీసీ 'టునైట్' షో 1954 సెప్టెంబరు 27న న్యూయార్క్‌లోని హడ్సన్ థియేటర్ నుంచి మొదలైంది. స్టీవ్ అలెన్ నడిపిన ఆ రోజుల్లో అంతా ప్రత్యక్ష ప్రసారమే. వీడియో టేపు వచ్చాక సాయంత్రమే రికార్డు చేసి, రాత్రి పొద్దుపోయాక వేయడం అలవాటైంది.

ఆ కొద్ది గంటల వ్యవధిలోనే కత్తెర దూరింది. 1960 ఫిబ్రవరిలో అప్పటి వ్యాఖ్యాత జాక్ పార్ చెప్పిన మరుగుదొడ్డి జోకును ఛానల్ వాళ్లు ఆయనకు మాటమాత్రం చెప్పకుండా కోసేశారు. మర్నాడు పార్ ప్రేక్షకుల ముందే తన బాధ వెళ్లగక్కి, సెట్ వదిలి వెళ్లిపోయాడు. మిగతా షోను అనౌన్సర్ హ్యూ డౌన్స్ లాక్కొచ్చాడు. పార్ మళ్లీ కనిపించింది మార్చి 7నే. ఆయన కోపం న్యాయమైనదే.

1962 నుంచి 1992 దాకా జానీ కార్సన్ రాజ్యం. 1972లో షో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌కు మారింది. కార్సన్ బల్ల మీది పెన్సిళ్లకు రెండు వైపులా రబ్బర్లే ఉండేవి. వాటితో తాళం వేయడం ఆయన అలవాటు. నిర్మాత ఫ్రెడ్ డికోర్డోవా కెమెరాకు చిక్కకుండా పక్కనే కూర్చునేవాడు.

టేపు ఖరీదైనది కావడంతో పాతవి చెరిపి మళ్లీ వాడుకునేవారు. అలా కార్సన్ తొలి పదేళ్ల ఎపిసోడ్లు చాలావరకు పోయాయి. ఎంత నష్టం! హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ ఆయనను పరిచయం చేసిన మొదటి రాత్రికి కూడా ఇప్పుడు వీడియో లేదు, కొంత శబ్దమే మిగిలింది.