ఎలుక కొరికినా తెలియని వేలు

1950ల నాటి వేలూరు. కుష్ఠు రోగుల కోసం కట్టిన చిన్న కాలనీ, పేరు న్యూ లైఫ్ సెంటర్. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న వేలు తెల్లారేసరికి కాస్త తరిగిపోయి కనిపించేది. ఎలా పోయిందో రోగికే తెలియదు. జబ్బు ముదిరి వేళ్లు రాలిపోతున్నాయని అందరూ సరిపెట్టుకునేవారు. ఓ రాత్రి ఒకరు మేలుకొని కాపలా కాశారు. చీకట్లో ఎలుక మంచమెక్కింది, వేలిని వాసన చూసింది, కొరకడం మొదలుపెట్టింది. పడుకున్న మనిషి కదల్లేదు. ఆ తర్వాత అక్కడి నుంచి ఇంటికి వెళ్లే రోగి చేతిలో ఓ పిల్లిని పెట్టి పంపేవారు.

ఆ కాలనీని నడిపించింది డాక్టర్ పాల్ బ్రాండ్. 1914లో నేటి తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు. వైద్యంలోకి రాకముందు కొన్నాళ్లు వడ్రంగం, ఇళ్లు కట్టే పని నేర్చుకున్నారు. లండన్‌లో సర్జన్ అయి 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సి.ఎం.సి.) వచ్చారు. మరుసటేడు కుష్ఠు నిపుణుడు రాబర్ట్ కోక్రేన్ ఆయన్ను చెంగల్పట్టు ఆసుపత్రికి తీసుకెళ్లి, కొంకర్లు పోయిన చేతులు, పుండ్లు పడ్డ పాదాలు చూపించారు.

కుష్ఠు రోగి ఒంటి మీద పుండు మానదన్నది అప్పట్లో గట్టి నమ్మకం. అందుకే సర్జన్లు కత్తి పట్టడానికి జంకేవారు. బ్రాండ్ చూసింది వేరు. దెబ్బ తగలకుండా కాపాడితే ఆ గాయమూ అందరి గాయాల్లాగే మానుతోంది. కుష్ఠు క్రిమి నరాలను చంపుతుంది. ఆ తర్వాత వేళ్లను, కాళ్లను తినేది పొయ్యి సెగ, పార కర్ర, చెప్పులోని మేకు, ఇంట్లోని ఎలుక.

అన్నిటికంటే మొండిది అరికాలి పుండు. దానికి మేకు కూడా అక్కర్లేదు, నడక చాలు. మామూలు మనిషి నాలుగు మైళ్లు నడిస్తే అరికాలు మంట పుడుతుంది. తెలియకుండానే బరువు పక్కకు వేస్తాడు, కుంటుతాడు, చివరికి చెట్టు కింద కూలబడతాడు. స్పర్శ లేనివాడు మొదటి అడుగు వేసినట్టే ఆఖరి అడుగూ వేస్తాడు. బరువంతా మళ్లీ మళ్లీ అదే ఎముక కింద పడుతుంది. లోపల కండ నలిగి, చితికి, ఒకనాడు పైకి పగులుతుంది. అప్పుడూ నొప్పి ఉండదు కనుక నడక ఆగదు.

నడక మానమంటే కూలి పనికి వెళ్లేవాడు మానగలడా? అందుకు జవాబు పిండికట్టు. సిలోన్‌లో (నేటి శ్రీలంక) మిల్రాయ్ పాల్ 1930లలోనే వాడిన పద్ధతిని బ్రాండ్ అందుకున్నారు. పాదం వంపులకు అతుక్కునేలా మోకాలి కింది దాకా కట్టు వేస్తే, ఒక్కచోట పడే బరువు పాదమంతా, పిక్కంతా పంచుకుంటుంది. పుండుకు విశ్రాంతి దొరుకుతుంది, మనిషి నడుస్తూనే ఉంటాడు. కొన్ని వారాలకు కట్టు కోసినప్పుడు వచ్చే కంపుకు ముక్కు మూసుకోవాల్సిందే. తుడిచి చూస్తే అడుగున గులాబీ రంగు కొత్త కండ.

మానడం ఒక ఎత్తు, మళ్లీ పడకుండా చూడటం మరో ఎత్తు. పాదం ముందు భాగం ఎత్తలేక, వేళ్లు ఈడ్చుకుంటూ నడిచేవారికి పిక్కలోని స్నాయువును పాదం మీదికి మళ్లించి కుట్టే ఆపరేషన్ చేశారు. ఇక చెప్పులు. వేలూరులోనూ, దగ్గరలోని కరిగిరి కుష్ఠు పరిశోధనా కేంద్రంలోనూ ఎన్నో పదార్థాలు పరీక్షించి, గాలి బుడగలతో మెత్తగా ఉండే మైక్రోసెల్యులర్ రబ్బరును ఎంచుకున్నారు. మేకులు కొట్టరు, అతికిస్తారు. జారిపోయినా కాలికి తెలియదు కాబట్టి మడమ వెనక పట్టీ తప్పనిసరి. మన ప్రభుత్వాసుపత్రుల్లో కుష్ఠు రోగులకు ఇచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు ఇవే. వాటిని చూడగానే జబ్బు ఊరికి తెలిసిపోతుందని చాలామంది మూలన పడేయడం మాత్రం ఏ ప్రయోగశాలా ఊహించని చిక్కు.

బ్రాండ్ దగ్గర పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. నడుము కింద స్పర్శ పోయిన అలాంటివారికి పాదం బదులు పిరుదులు, నడుము కింది ఎముక, మడమలు పుండు పడతాయి. వెన్ను విరిగినవాళ్లు పడకపుండ్లు చీముపట్టి చనిపోవడం మొదటి ప్రపంచయుద్ధంలో మామూలు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ 1944 నుంచి రోగులను రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి పక్కకు తిప్పించి ఆ చావులు తగ్గించారు. ఇక్కడ పిండికట్టు, అక్కడ నర్సుల చేతులు: పని మాత్రం ఒకటే, ఒత్తిడి ఒక్కచోట నిలవనీయకపోవడం.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. ఎలుకలు మళ్లీ వచ్చాయి, ఈసారి ప్రయోగశాలలోకి. వాటి పాదాల మీద చిన్నపాటి ఒత్తిడినే రోజూ వేలసార్లు పెడితే, ముందు ఎర్రబడి వేడెక్కాయి, తర్వాత పుండు పడ్డాయి. పుండుకు ముందే వేడి పుడుతుందన్నది అక్కడ తేలిన ఉపయోగకరమైన సంగతి.

ఆ విద్య ఇప్పుడు షుగర్ రోగుల పాదాలకు అక్కరకొస్తోంది. నరాలు దెబ్బతిని మొద్దుబారిన కాలికి పడే అరికాలి పుండుకు, రక్తప్రసరణ బాగుండి చీము పట్టకపోతే, నేటికీ మొదట చెప్పుకునే చికిత్సల్లో ఆ పిండికట్టు ఒకటి. మీ ఇంట్లో ఏళ్లుగా షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే రాత్రి పడుకోబోయే ముందు వాళ్ల అరికాలి కింద అద్దం పెట్టి చూడండి. చెప్పులు వేసుకునే ముందు ఒకసారి దులపమనండి. ఆనెకాయ చుట్టూ ఎర్రబడి, ముట్టుకుంటే వెచ్చగా తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోక మర్నాడే డాక్టరుకు చూపించండి.