క్లెయిమ్‌ లేకుంటే రాయితీ.. హక్కు యజమానిదే

వాహన బీమా పత్రంలో ‘నో క్లెయిమ్‌ బోనస్‌’ పేరిట ముద్రించే అంకెను పలువురు పట్టించుకోరు. బీమా కాలంలో పరిహారం కోరని యజమానికి మరుసటి ఏడాది ప్రీమియంలో లభించే రాయితీ అది. నిబంధనలపై అవగాహన కొరవడి, ఏళ్ల తరబడి సమకూరిన ఈ ప్రయోజనాన్ని కొందరు చేజేతులా వదులుకుంటున్నారు.

ఎంత వస్తుంది?

ఒక ఏడాది క్లెయిమ్‌ లేకుంటే 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం రాయితీ లభిస్తుంది. ఆపై పెరగదు. ద్విచక్ర వాహనాలకూ ఇదే లెక్క. అయితే సొంత వాహన నష్టానికి చెల్లించే ప్రీమియంలోనే ఈ తగ్గింపు ఉంటుంది. థర్డ్‌ పార్టీ ప్రీమియానికి వర్తించదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్‌ పార్టీ బీమా తప్పనిసరైంది. అది ఉందన్న ధీమాతో సొంత నష్టం బీమాను తొలి ఏడాదితోనే మానేస్తే రాయితీ జమ కాదు.

చిన్న సొట్టకు పెద్ద మూల్యం

సొంత నష్టం ప్రీమియం రూ.8,000 అనుకుంటే, 50 శాతం రాయితీ ఉన్నవారు రూ.4,000 కడితే చాలు. ఒక్కసారి క్లెయిమ్‌ చేస్తే రాయితీ సున్నాకు పడిపోతుంది. మళ్లీ 50 శాతానికి చేరేలోపు అయిదేళ్లలో అదనంగా చెల్లించేది వరుసగా రూ.4,000, 2,400, 2,000, 1,200, 400. మొత్తం రూ.10,000. పైగా 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో తొలి రూ.1,000 యజమానే భరించాలి. ప్లాస్టిక్‌, రబ్బరు భాగాల ధరలో సాధారణ పాలసీ కింద సగమే ఇస్తారు. కాబట్టి మరమ్మతు ఖర్చు స్వల్పమైతే సొంతంగా భరించడమే లాభం. భారీ నష్టమైతే క్లెయిమ్‌కు వెనుకాడనవసరం లేదు.

వాహనం అమ్మితే..

రాయితీ వాహనానిది కాదు, యజమానిది. పాత కారు అమ్మినవారు బీమా సంస్థకు దరఖాస్తు చేసి, అమ్మకం ఆధారాలు సమర్పిస్తే రాయితీ ధ్రువపత్రం ఇస్తారు. మూడేళ్లలోగా అదే తరగతికి చెందిన మరో వాహనానికి దానిని వాడుకోవచ్చు. బీమా సంస్థ మారినా చెల్లుతుంది. కన్సల్టెన్సీల్లో పాత వాహనం కొన్నవారికి మాత్రం పూర్వ యజమాని రాయితీ దక్కదు. వారు 14 రోజుల్లోగా పాలసీని తమ పేరిట మార్పించుకుని, మిగిలిన కాలానికి రాయితీ వ్యత్యాసం చెల్లించాలి. ఆర్సీ మారినంత మాత్రాన సొంత నష్టం బీమా దానంతటదే బదిలీ కాదు.

గుర్తుంచుకోవాల్సినవి

పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోగా పునరుద్ధరించకుంటే రాయితీ మొత్తం రద్దవుతుంది. గడువు ముగిశాక పునరుద్ధరించే వరకు జరిగే నష్టానికీ పరిహారం రాదు.

గత ఏడాది క్లెయిమ్‌ పొంది, లేదని రాసివ్వడం మరింత ప్రమాదకరం. ఆ అసత్యం బయటపడితే సొంత నష్టం పరిహారాన్నే తిరస్కరించే ఆస్కారముంది. ఏజెంటు నింపినా, సంతకం చేసిన యజమానిదే బాధ్యత.

న్యాయంగా రావాల్సిన రాయితీ ఇవ్వకుంటే తొలుత సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి. అక్కడ పరిష్కారం లభించకుంటే, హైదరాబాద్‌ కేంద్రంగా ఉన్న బీమా నియంత్రణ ప్రాధికార సంస్థకు 155255 టోల్‌ఫ్రీ నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.