చివరి మనిషి గీత దాటాక

కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేయడానికి మనవాళ్ళు వచ్చి చేరిన అమెరికా స్టేట్ యూనివర్సిటీలలో చాలా ఒక యుద్ధకాలపు చట్టం పుణ్యమే. 1862 జూలై 2న, అంతర్యుద్ధం మధ్యలో, అబ్రహాం లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం అది. కాంగ్రెసులో ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకి భూమి ఇచ్చి, అది అమ్మిన డబ్బుతో కాలేజీ పెట్టుకోమంది. (ఆ భూమి ఆదివాసుల నుంచి లాక్కున్నదన్న ముక్క చట్టంలో లేదు లెండి.) వ్యవసాయం, యంత్రవిద్య నేర్పమంది. వాటి పక్కనే ఇంకో చిన్నమాట కూడా చేర్చింది: సైనిక విద్య. ఉత్తరాదికి సైనికులు దొరికారు గానీ, వాళ్ళని నడిపించే ఆఫీసర్లకే కరువొచ్చింది.

కాలేజీలు ఆ చిన్నమాటని గట్టిగా పట్టుకున్నాయి. చాలాచోట్ల, చదివేది ఏదైనా సరే, మొదటి రెండేళ్ళు కవాతు చెయ్యాల్సిందే. 1916లో వచ్చిన చట్టం ఈ శిక్షణకి ఆర్.ఓ.టి.సి. అని పేరుపెట్టి ఒక పద్ధతిలోకి తెచ్చింది. చట్టం కాలేజీని నేర్పమంది కానీ కుర్రాణ్ణి నేర్చుకుతీరాలనలేదు కదా అని 1923లో విస్కాన్సిన్ దాన్ని ఐచ్ఛికం చేసేసింది. కాలిఫోర్నియాలో కొందరు మెథడిస్టు విద్యార్థులు యుద్ధం మా మతానికి విరుద్ధమని కవాతు మానేస్తే, యూనివర్సిటీ వాళ్ళని సస్పెండ్ చేసింది. 1934లో సుప్రీంకోర్టు యూనివర్సిటీదే న్యాయమంది. 1960లలో చాలాచోట్ల నిర్బంధం పోయింది కానీ, వియత్నాం వల్ల కోపం పోలేదు. 1970 మే 2 రాత్రి ఒహైయోలో కెంట్ స్టేట్ యూనివర్సిటీ ఆర్.ఓ.టి.సి. భవనం తగలబడింది. రెండురోజుల తర్వాత నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు పోయారు.

మన దగ్గర ఇదే కథ అయిదేళ్ళలో ముగిసింది. చైనాతో యుద్ధం తర్వాత 1963లో ఎన్.సి.సి. నిర్బంధం చేశారు, 1968లో తీసేశారు. తమాషా ఏమిటంటే, ఆ మధ్యలోనే, 1964లో, హైదరాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయం పుడితే దానికి చేయూతనిచ్చింది మోరిల్ చట్టం బిడ్డ అయిన కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. పొలం, ప్రయోగశాల, రైతుకి సలహా, అన్నీ అక్కడి నమూనాయే. కవాతు మాత్రం మనకి వేరే దారిలో వచ్చింది. నా చదువు రోజుల్లో ఎన్.సి.సి. అంటే పరేడ్, ఆ తర్వాత పూరీ కూర. సర్టిఫికెట్ కోసం కొందరు, పూరీల కోసం చాలామంది.

అమెరికాలో నిర్బంధం పోయాక ఇష్టపడి వచ్చేవాళ్ళే మిగిలారు. నేను చూసినంతలో వాళ్ళని పట్టి ఉంచేది పరేడ్ కాదు, పోటీ. యూనివర్సిటీ యూనిట్ల మధ్య జరిగే ఆ పోటీ పేరు రేంజర్ ఛాలెంజ్. జట్టుకి తొమ్మిదిమంది. తుపాకీ విప్పి మళ్ళీ బిగించడం, పటం, దిక్సూచి పట్టుకుని అడవిలో గుర్తులు వెతకడం, ఇలాంటివి చాలా ఉంటాయి. నాకు నచ్చింది తాడు వంతెన. ఒకరు తాడు పట్టుకుని నీళ్ళలో ఈది అవతలి గట్టున చెట్టుకి కడతారు. ఇవతలివాళ్ళు దాన్ని వీణ తీగలా బిగిస్తారు. నడుముకి కట్టుకున్న తాడుకి కొక్కెం తగిలించుకుని ఒక్కొక్కరే తలకిందులుగా పాక్కుంటూ దాటతారు. ఆఖరివాడికి ముడి విప్పుకుని రావడమే దారి; వాణ్ణి అవతలివాళ్ళు నీళ్ళలోంచి లాక్కుంటారు.

చివర్న వీపున బరువుతో పది కిలోమీటర్ల నడక. జట్టులో చివరి మనిషి గీత దాటినప్పుడే గడియారం ఆగుతుంది. ముందు ఎంత వేగంగా పరుగెత్తినా లాభం లేదు. వందేళ్ళ బలవంతపు కవాతు నేర్పలేనిది ఈ ఒక్క నియమం నేర్పుతోందని నాకనిపిస్తుంది.

కానీ దీన్ని ఉత్త ఆట అనడానికి మాత్రం నాకు నోరు రాదు. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైనప్పుడు అమెరికా త్రివిధ దళాల అధిపతుల కమిటీకి అధ్యక్షుడు రిచర్డ్ మయర్స్. ఆయన అదే కాన్సస్ స్టేట్‌లో చదివి, 1965లో ఆర్.ఓ.టి.సి. ద్వారా వాయుసేనలోకి వెళ్ళినవాడే. ఈ దారి ఎక్కడికి పోతుందో దాపరికమేమీ లేదు.

వీసా మీద వచ్చిన మాకు ఆ జట్లలో చోటు ఎలాగూ లేదు. ఆఫీసరు కావాలంటే పౌరసత్వం ఉండాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఆ అడ్డు లేదు. అమ్మాయిలకి ఆర్మీ ఆర్.ఓ.టి.సి. తలుపులు 1973లోనే తెరుచుకున్నాయి. మా ఊళ్ళో ఒక తెలుగువాళ్ళ అమ్మాయి రెండేళ్ళుగా ఆ జట్టులో ఉంది. పోటీ చూడటానికి వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. నడకలో ఒక కుర్రాడికి మడమ బెణికితే మిగతా ఎనిమిదిమందీ అతని అడుగుకి అడుగు కలిపారు. నాలుగో స్థానం వచ్చింది. ఆ పిల్ల ముఖంలో నిరాశ వెతికాను, కనిపించలేదు.

స్కాలర్‌షిప్పు వచ్చిందని వాళ్ళ నాన్న సంతోషించాడు. దానికి బదులుగా సైన్యానికి మొత్తం ఎనిమిదేళ్ళు, రిజర్వుతో కలిపి, రాసివ్వాలని వాళ్ళమ్మకి తర్వాత తెలిసింది. "గెలిస్తే కప్పు ఇస్తారనుకున్నానండీ," అందావిడ నాతో.

వచ్చే మే నెలలో డిగ్రీతోపాటు ఆ పిల్ల సెకండ్ లెఫ్టినెంట్ అవుతుంది. భుజాల మీద బంగారు రంగు పట్టీలు తల్లిదండ్రులు తగిలించడం ఆనవాయితీ. మొదటి సెల్యూట్ చేసిన సైనికుడికి కొత్త ఆఫీసరు వెండి డాలరు ఇవ్వడం ఇంకో ఆనవాయితీ. ఆ డాలరు కోసం వాళ్ళ నాన్న పాత నాణేల దుకాణాలు తిరుగుతున్నాడు. ఎక్కడికి పంపిస్తారో వాళ్ళమ్మ ఇంకా అడగలేదు.